నాగా పడని రోజుల లెక్క

మీ వంటింటి గోడకు వేలాడే క్యాలెండరు ఒకసారి తీసి చూడు అమ్మాయ్. తిథీ వర్జ్యమూ రాహుకాలమూ అచ్చులో ఉంటాయి. వాటి పక్కన ఖాళీలో పెన్నుతో మనం ఇరికించి రాసినవి ఉంటాయి: పాలు రాలేదు, పేపరు లేదు, పనమ్మాయి నాగా. నెలాఖరున ఆ గళ్ళు లెక్కపెట్టుకుని ఇవ్వవలసిన డబ్బులోంచి తగ్గించుకుంటాం. (పనమ్మాయి నాగాలకు జీతం కోయడం గురించి నన్నడిగితే వద్దనే అంటాను గాని, ఆ మాట ఇంకో రోజు.) మొత్తం మీద క్యాలెండరుకు ఎక్కేది రాని రోజే. తెల్లవారకముందే గుమ్మానికి కట్టిన సంచిలో ప్యాకెట్లు వేసి చప్పుడు చేయకుండా వెళ్ళిపోయే పాలబ్బాయి గురించి, అతను వచ్చిన అన్ని రోజుల గురించి అందులో ఒక్క అక్షరం ఉండదు.

డబ్బు లెక్కకు అదే సుళువు. చిక్కెక్కడంటే, పెళ్ళయి చంటిబిడ్డ చేతికొచ్చాక మనసు కూడా ఇదే పద్ధతిలో పద్దు రాయడం మొదలుపెడుతుంది. రాత్రి పక్కమీద వాలాక గుర్తొచ్చేవన్నీ నాగాలే. పిల్ల మధ్యాహ్నం పెరుగన్నం ఉమ్మేసింది. ఆయన ఫోన్ చేస్తానని చేయలేదు. ఆరేసిన బట్టలు తీయడం మరిచిపోయాను, వాన పడింది. అత్తగారు ఒక మాట అన్నారు, తిరిగి ఏమనాలో ఇప్పుడు తడుతోంది.

ఇది నీ గుణంలో లోపమని ఎవరైనా అంటే నమ్మకు. చంటిపిల్లల తల్లికి లోటు కనిపెట్టే కన్ను ఉండి తీరాలి. డైపర్లు రెండే మిగిలాయని, నుదురు కాస్త వెచ్చగా ఉందని, మందు సీసా మూత సరిగా బిగించలేదని, మేడమెట్ల గేటు తెరిచి ఉందని అది లేకపోతే ఎవరికి తెలుస్తుంది? ఇంకెవరికీ కనబడనివి నీకు కనబడుతున్నాయి కనుకే ఆ ఇల్లు నడుస్తోంది. అయితే పగలంతా లోటు వెతికే పనిలో ఉన్న కన్ను రాత్రి పదింటికి తనంతట తాను తిరిగి, ఉన్నదాన్ని చూసి మురవదు. దానికి వేరే ఏర్పాటు కావాలి.

ఆ ఏర్పాటు పెద్దదేమీ కాదు. అదే క్యాలెండరు మీద గాని, సగం వాడి పడేసిన డైరీలో గాని వచ్చినవి, కుదిరినవి, జరగవలసినట్టు జరిగినవి నాలుగు రాసుకో. పెద్ద మాటలు వద్దు. 'ఆరోగ్యం, మంచి భర్త, ముత్యాల్లాంటి పిల్లలు' అని రాస్తే రెండో వారం కూడా అవే రాస్తావు, మూడో వారం మానేస్తావు. చిన్నదీ, ఆ వారానికే చెందినదీ రాయి. చలికాలమైనా ఇడ్లీ పిండి పొంగింది. టీకా వేయించిన రాత్రి పిల్లాడు జ్వరం రాకుండా పడుకున్నాడు. ఆకుకూరలమ్మి గంప దించి పిల్లతో కబుర్లు చెబుతూ కూర్చుంది, ఆలోగా పప్పుకు తిరగమోత పెట్టేశాను. కాఫీ వేడిగా ఉండగానే తాగాను. ఈ ఆఖరుదాన్ని చంటిపిల్లల తల్లులు తప్ప ఎవరూ భాగ్యమని ఒప్పుకోరు. నీ లెక్క నీది, ఒకరిని ఒప్పించే పని లేదు.

రోజూ రాయాలా అంటే, అక్కర్లేదు. ఈ పని మీద లెక్కగట్టి చూసినవాళ్ళున్నారు. అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకలో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులను గుంపులుగా చేసి, పది వారాలపాటు వారానికోసారి రాయమన్నారు. ఒక గుంపు తమకు అందిన మేళ్ళు అయిదింటిదాకా రాసింది, ఇంకో గుంపు చికాకులు రాసింది. మేళ్ళు రాసినవాళ్ళకు తమ బతుకు మీద తృప్తి, రాబోయే వారం మీద నమ్మకం ఎక్కువగా కనబడ్డాయి. ఒంటి బాధలు కూడా తక్కువే చెప్పుకున్నారు. తరవాత సోంజా ల్యుబోమిర్‌స్కీ, ఆమె తోటివాళ్ళు ఇంకో సంగతి పట్టుకున్నారు. వారానికి ఒక్కసారి రాసినవాళ్ళకు ఒరిగిన మేలు, వారానికి మూడుసార్లు రాసినవాళ్ళకు ఒరగలేదట. రోజువారీ పనైతే అదీ ఒక చాకిరీ అవుతుంది కాబోలు. నీకున్న చాకిరీ చాలు. ఆదివారం రాత్రో, పిల్ల త్వరగా పడుకున్న ఏ రాత్రో, పది నిమిషాలు. రాయని వారం ఉంటే ఉండనీ, ముందుకు పో.

వచ్చినవి రాయడం అలవాటయ్యాక ఇంకో రకం మేళ్ళు కనబడతాయి. అవి జరిగినవి కావు, జరగకుండా పోయినవి. వాటిని చూడాలంటే మీ అమ్మమ్మ తరం దాకా వెనక్కి వెళ్ళాలి.

ఆ తరం ఆడవాళ్ళను ఎంతమంది పిల్లలని అడిగితే జవాబు రెండు అంకెల్లో వచ్చేది: కాన్పులు ఎనిమిది, దక్కినవాళ్ళు అయిదుగురు. ఎంతో మామూలుగా చెప్పేవారు. మన ఊళ్ళలో పెంటయ్య, పుల్లయ్య, పిచ్చమ్మ అనే పేర్లు ఊరికే రాలేదు. పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతున్న ఇంట్లో, మరో బిడ్డ కలిగితే పెంటకుప్ప మీదో ఎంగిలి విస్తళ్ళ మీదో పొర్లించి, ఎవరికీ అక్కర్లేని పేరు పెడితే మృత్యువు కూడా పట్టించుకోదని ఆశ. కొన్నిచోట్ల మగపిల్లాడికి ముక్కు కూడా కుట్టించేవారు. ఆ పేర్లను చూసి నవ్వుకుంటాం గాని, వాటి వెనక గుండె చిక్కబట్టుకుని కూర్చున్న ఒక తల్లి ఉంది.

1971లో మన దేశంలో ప్రాణంతో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి ఆ అంకె 28కి దిగింది. తల్లుల సంగతీ అంతే. 2018-20 లెక్కల ప్రకారం ప్రాణంతో పుట్టిన ప్రతి లక్షమంది పిల్లలకు పోయిన తల్లులు ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది, తెలంగాణలో 43 మంది, దేశం మొత్తం మీద 97 మంది. పోయిన ఆ నలభై చిల్లర మంది ఇళ్ళలో అది అంకె కాదు, నాకు తెలుసు. అయినా మొదటి పుట్టినరోజుకు కేకు కోస్తున్నప్పుడు పిల్లా ఉంది, పిల్ల తల్లీ ఉంది అనేది ఒకప్పుడు అందరికీ దక్కిన సంగతి కాదు.

బీరువాలో ఎక్కడో పెట్టిన టీకాల కార్డు తీసి చూడు. పుట్టగానే బీసీజీ, హెపటైటిస్ బీ, పోలియో చుక్కలు; ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం; తొమ్మిది నెలలకు తట్టు సూది. ఒక్కో గడి పక్కన ఒక ఏఎన్ఎం సంతకమో నర్సు సంతకమో ఉంటుంది. ఆ తారీఖుల్లో నీకు గుర్తున్నది ఏడుపూ, రాత్రి జ్వరమూను. కాలు ఈడ్చుకుంటూ నడిచే పిల్లవాడు మా చిన్నప్పుడు ప్రతి బడిలోనూ ఒకడుండేవాడు. 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. నీ పిల్ల మేడమెట్ల మీద పరుగెత్తుతుంటే 'పడతావే!' అని అరుస్తావు చూడు, ఆ అరుపు కూడా రాసుకోవలసిన వాటిలో ఒకటి.

పొయ్యి సంగతీ ఉంది. పచ్చి కట్టెలు అంటుకోక ఊదుగొట్టంతో ఊది ఊది, కళ్ళు ఎర్రబడి, బాలింత కూడా ఆ పొగలోనే కూర్చునేది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చాక గాని ఎన్నో పల్లె ఇళ్ళలోకి గ్యాసు బండ రాలేదు. ఇప్పుడు చెయ్యి తిప్పితే మంట.

ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి, ముఖ్యంగా ఇది చదివే అత్తగార్లకూ అమ్మలకూ. 'మా రోజుల్లో ఇవేవీ లేవు, మేము చేసుకోలేదా' అనే మాట మేలు గుర్తు చేయడానికి పనికిరాదు, నోరు మూయించడానికే పనికొస్తుంది. ఆ రోజుల్లో గ్యాసు లేదు, నిజమే. ఎత్తుకునే చేతులు ఉన్నాయి. పురిటికి పుట్టింటికి వెళితే మూడో నెలో అయిదో నెలో వచ్చేదాకా కాయం నూరిపెట్టేవారు ఒకరు, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని నలుగు పెట్టి నీళ్ళు పోసేవారు ఒకరు, సాంబ్రాణి వేసేవారు ఒకరు. ఇవాళ హైదరాబాదులో పదో అంతస్తులో ఉన్న పిల్లకు వేన్నీళ్ళ గీజరు ఉంది, బిడ్డను ఒక్క పది నిమిషాలు పట్టుకునే మనిషి లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అయితే తల్లి ఆరు నెలలు ఉండేందుకు కాయమూ సున్నిపిండీ మూటగట్టుకుని వస్తుంది, ఆమె తిరుగు ప్రయాణం టికెట్టు తేదీ వచ్చిన రోజు నుంచే గుండెల్లో గుబులు మొదలవుతుంది. ఏ తరానికి దక్కినవి ఆ తరానికి దక్కాయి. ఒకరి లేమి చూపించి ఇంకొకరి లెక్క చెరపకూడదు.

అందుకే 'నీకేం తక్కువ?' అన్న ప్రశ్న నాకు సరిపడదు. ఇల్లు, కారు, ఉద్యోగం, మగపిల్లాడో ఆడపిల్లో, అన్నీ వేళ్ళ మీద ఎంచి చూపించి నీకేం తక్కువంటారు. ఎంచినవన్నీ నిజమే కావచ్చు. కానీ ఒకరి భాగ్యాలు ఇంకొకరు లెక్కపెడితే అది తీర్పవుతుంది. ఎంచుకోవలసినది నువ్వు, నీ తీరికలో, నీకు తోచినవి.

ఇంకో సంకోచం మనవాళ్ళలో ఉంది: దిష్టి. బాగున్నామని పైకి అంటే తగులుతుందని, ఎవరైనా పలకరిస్తే 'ఏదో ఇలా నడుస్తోంది' అంటాం. పిల్ల బొద్దుగా ఉందంటే వెంటనే 'ఎక్కడండీ, అసలు తినదు' అంటాం. దిష్టి ఉందా లేదా అన్న వాదనలోకి నేను రాను. సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేస్తే పిల్ల హాయిగా పడుకుంటుందని నమ్మే ఇంట్లో తిప్పనీ, దాని వల్ల కనీసం ఆ కాసేపు పిల్లని అందరూ చుట్టూ చేరి ప్రేమగా చూస్తారు. నేననేది, ఈ లెక్క ఎవరికీ చూపించేది కాదు గనుక దిష్టి భయం లేదు. ఫోన్లో పెట్టకు. పెట్టావా, మరునిమిషం నుంచి ఎంతమంది చూశారన్న లెక్క మొదలవుతుంది. అదీగాక పక్కావిడ పెట్టిన ఫోటోలో ఇస్త్రీ నలగని చీర, నవ్వుతున్న చంటిపిల్ల, వెనక సర్దిన గది కనబడతాయి. ఆ ఫోటోకు ముందు గది నడుమ ఉన్న బట్టల కుప్పను ఏ మంచం మీదకు తోశారో కనబడదు.

రాసేటప్పుడు మనిషిని కూడా రాయి. 'మధ్యాహ్నం గంటసేపు నిద్రపోయాను' అనేది సగమే. ఆ గంట ఎవరిచ్చారు? మామగారు పాపను భుజాన వేసుకుని వీధి చివరి గుడిదాకా తిప్పుకొచ్చారు. ఇలా రాయడం మొదలుపెడితే, మేలు అనుకున్న ప్రతిదాని వెనక ఎవరిదో ఒక పని కనబడుతుంది. కనబడ్డాక ఆ మనిషికి చెప్పాలి కదా. మన ఇళ్ళలో ఇంటివాళ్ళకు థ్యాంక్స్ చెప్పే వాడుక లేదు, చెబితే అదోలా చూస్తారు. 'పరాయివాళ్ళమా ఏంటి' అంటారు. ఆ పదం అక్కర్లేదు. జరిగినది జరిగినట్టు చెబితే చాలు. 'మామయ్యగారూ, మీరు పాపను తీసుకెళ్ళారు కదా, నాకు తలనొప్పి పూర్తిగా పోయింది.' 'అత్తయ్యా, మీరు పెట్టిన గోంగూర పచ్చడి ఉండబట్టి నిన్న రాత్రి కూర చేయలేదు.' ఆయన చెత్త బుట్ట బయట పెడితే, అది పెట్టడం నాకు కనబడిందన్నట్టు ఒక మాట. చూశావా, ఇందులో పొగడ్త లేదు. చేసిన పని ఎవరికి ఎలా అందిందో చేసినవాళ్ళకు తెలిసింది, అంతే. మన పెద్దవాళ్ళకు ఇది పొగడ్త కంటే బాగా పడుతుంది.

ఇప్పుడు ఆయనతో రెండు మాటలు. బాబూ, ఈ పత్రిక నీ చేతికీ వస్తుందనే అనుకుంటున్నాను. 2024లో దేశమంతటా జరిగిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పనిలో పాలుపంచుకునే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నట్టు తేలింది. అదీ చేసే మగవాళ్ళ లెక్క. చేయనివాళ్ళు ఆ సగటులో లేరు. పిల్లల్ని చూసుకునే సమయం దీనికి వేరే. నీ భార్య తన భాగ్యాలు రాసుకుంటోందని తెలిసి, 'చూశావా, నేనెంత బాగా చూసుకుంటున్నానో' అని ఊరుకోకు. నువ్వూ ఒక కాగితం తీసుకుని నీకు అందినవి రాయి. పొద్దున్న నువ్వు వేసుకున్న చొక్కా ఎవరు ఉతికి మడతపెట్టారో అక్కడి నుంచి మొదలుపెట్టు. కాగితం నిండాక దాన్ని ఆమె చేతికి ఇవ్వడం కంటే, అందులో ఉన్న పనుల్లో రెండు నీవి చేసుకోవడం మేలు.

అమ్మాయ్, మళ్ళీ నీ దగ్గరికి. ఈ రాసుకోవడం మందు కాదు. కాన్పయిన మొదటి పది పదిహేను రోజుల్లో ఊరికే ఏడుపు రావడం, చికాకు పుట్టడం చాలామందికి ఉంటుంది, దానంతటదే తగ్గుతుంది. రెండు వారాలు దాటినా దిగులు పోకపోతే, బిడ్డ పడుకున్నా నీకు నిద్ర పట్టకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించకపోతే, బతకాలని లేదనిపిస్తే, అప్పుడు భాగ్యాలు లెక్కపెట్టుకోమని ఎవరైనా అంటే వాళ్ళ మాట వినకు. డాక్టరు దగ్గరికి వెళ్ళు. దీన్ని గుర్తుపట్టడానికి ఎడిన్‌బరా ప్రశ్నావళి అని 1987 నుంచి వాడుకలో ఉంది, పదే ప్రశ్నలు. మీ గైనకాలజిస్టును అడగవచ్చు. ఇల్లు కదలలేకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి. పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు లేదు. ఇంట్లోవాళ్ళు కూడా ఆ నంబరు ఫోన్లో పెట్టుకోండి. ఆమెను 'ఇంత మంచి బిడ్డను పెట్టుకుని ఏడుస్తావేంటి' అని మాత్రం అనకండి. బిడ్డ మంచిదేనని ఆమెకూ తెలుసు, ఆమె ఏడుపులో సగం అదే.

పిల్లలకు మూడున్నర, నాలుగేళ్ళు వచ్చాక ఈ లెక్కలోకి వాళ్ళనీ లాగవచ్చు. రాత్రి దీపం ఆర్పే ముందు 'ఇవాళ నీకేం బాగుంది?' అని అడుగు. మొదట్లో 'అమ్మ బాగుంది, నాన్న బాగున్నాడు' అని నీ ముచ్చట కోసం చెబుతారు. ముద్దు పెట్టి, ఇంకేం బాగుందని అడుగు. అప్పుడొస్తాయి అసలువి: బల్లి తోక ఊడి గెంతింది, వ్యానులో కిటికీ పక్క సీటు దొరికింది, తాతయ్య రెండు బిస్కెట్లు ఇచ్చి నీతో చెప్పొద్దన్నాడు. బిస్కెట్ల సంగతి ఆ పూటకు వదిలెయ్యి. 'ఏమీ బాగాలేదు' అన్న రోజున వాదించకు. పెన్సిల్ డబ్బా ఎవరో లాక్కున్నారన్న కబురు ఆ రోజే బయటికొస్తుంది.

వాళ్ళు ఊరుకోరు, తిరిగి అడుగుతారు: 'మరి నీకేం బాగుందమ్మా?' 'నువ్వే బాగున్నావు కన్నా' అనేది మొదటి రాత్రికి సరిపోతుంది. రెండో రాత్రి నుంచి వేరేది చెప్పు. భర్తతోనూ పిల్లలతోనూ నిమిత్తం లేనిది, నీది. ఆఫీసులో రెండు రోజులుగా తేలని లెక్క తేలింది. బస్సులో ఎవరి ఫోన్లోంచో పాత సుశీల పాట వచ్చింది, దిగేదాకా విన్నాను. ఇంటర్లో నా పక్కన కూర్చున్న పిల్ల ఫోన్ చేసింది. అమ్మకు కూడా తనవంటూ కొన్ని ఉంటాయని పిల్లలు అలాగే తెలుసుకుంటారు. నీ డైరీలోనూ వారానికి ఒకటైనా ఇలాంటిది ఉందో లేదో చూసుకో. నెలరోజుల పేజీలు తిరగేసినా ఒక్కటీ తగలకపోతే, వచ్చే ఆదివారం సాయంత్రం పిల్లని వాళ్ళ నాన్న దగ్గర వదిలి, చెప్పులేసుకుని ఆ స్నేహితురాలి ఇంటికి వెళ్ళిరా. పిల్ల ఏడిస్తే ఆయన సముదాయిస్తారు. మార్చే బట్టలు ఏ అరలో ఉన్నాయో ఆయనకు తెలియకపోతే, వెళ్ళేముందు ఒకసారి చూపించు.